సోలార్ ఎయిర్ హీటర్: రేకు చల్లబడితేనే వేడి దక్కుతుంది

సోలార్ ఎయిర్ హీటర్ అంటే పైన గాజు, లోపల ఎండకు కాగే నల్ల రేకు, ఆ రేకు కింద గాలి పోయే సందు ఉన్న ఒక పెట్టె. అది ఎంత బాగా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే ఎక్కువమంది చేసే పని ఒకటే, గాలి బయటికొచ్చే చోట థర్మామీటర్ పెట్టడం. 80 డిగ్రీలు చూపిస్తే సంబరం, 55 చూపిస్తే మొహం వాడిపోతుంది. చాలాసార్లు ఆ 55 చూపించిన హీటరే మెరుగైనది. 80 చూపించినది మీద పడ్డ ఎండలో ముప్పావు వంతు వృథా చేస్తూ ఉండొచ్చు.

లెక్క చిన్నదే. 2 చదరపు మీటర్ల హీటర్ మీద మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ పడుతోందనుకుందాం, మొత్తం 2000 వాట్లు. బయటి గాలి 30 డిగ్రీలు. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ సెకనుకు 10 గ్రాముల గాలిని మాత్రమే లోపలికి పంపితే, ఆ గాలి 80 డిగ్రీలకు చేరి బయటికొస్తే, అది మోసుకొచ్చిన వేడి దాదాపు 500 వాట్లు (ఒక గ్రాము గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక జూల్ చాలు, కాబట్టి ఈ లెక్క నోటితోనే చేసేయొచ్చు). అదే పెట్టెలోకి సెకనుకు 40 గ్రాములు పంపినప్పుడు గాలి 55 దగ్గరే ఆగిందనుకుందాం. అప్పుడు చేతికొచ్చిన వేడి 1000 వాట్లు. పెట్టె అదే, ఎండ అదే, సామర్థ్యం మాత్రం 25 శాతం నుంచి 50 శాతానికి వెళ్లింది.

పంటలు ఆరబెట్టడం లాంటి పనుల్లో 80 డిగ్రీల గాలి అవసరం కూడా అంతగా ఉండదు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు తీసుకెళ్తే చాలు, దాని సాపేక్ష తేమ 24 శాతానికి పడిపోతుంది, తడిని బాగానే లాగేస్తుంది. అక్కడ కావాల్సింది ఎక్కువ గాలి, మరీ వేడి గాలి కాదు.

సరే, మొదటి సందర్భంలో మిగతా 1500 వాట్లు ఎక్కడికి పోయినట్టు? కొంత గాజు దగ్గరే తిరిగిపోయింది, అది రెండు సందర్భాల్లోనూ పోయేదే. మిగతాది రేకు మింగింది కానీ గాలికి ఇవ్వలేకపోయింది. ఇవ్వలేక తనే కాగిపోయి, పైనున్న గాజుకు ఇచ్చేసింది, గాజు బయటి గాలికీ ఆకాశానికీ ఇచ్చేసింది. ఎయిర్ హీటర్ సామర్థ్యం గురించి జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం నిజానికి ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతుంది: నల్ల రేకు దగ్గర వేడి ఉంది, పక్కనుంచే గాలి పోతోంది, కానీ ఆ వేడి గాలిలోకి సరిగ్గా దిగడం లేదు.

దిగకపోవడానికి తప్పు గాలిదే. వేడిని తనలోంచి పోనివ్వడంలో గాలి చాలా పిసినారి. నీటి ఉష్ణవాహకత దాదాపు 0.6 అయితే గాలిది 0.026, అంటే ఇరవై రెట్లకు పైగా తక్కువ. ఇన్సులేషన్ పేరుతో వాడే దూది, ఉన్ని, థర్మాకోల్ అన్నీ తమ మధ్య గాలిని బంధించడం వల్లే పనిచేస్తాయన్నది గుర్తు చేసుకుంటే విషయం తెలిసిపోతుంది, ఇన్సులేషన్‌గా వాడే పదార్థంతోనే ఇక్కడ వేడిని మోయిస్తున్నాం. పైగా అది తేలిక. ఒక ఘనమీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడితో సుమారు 3500 ఘనమీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడి చేయొచ్చు. అందుకే సోలార్ వాటర్ హీటర్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని సమస్య ఎయిర్ హీటర్‌లో మెడకు చుట్టుకుంటుంది. అయితే గాలికి దాని మంచి దానికుంది, గడ్డకట్టదు, మరగదు, కారినా గోడలు పాడవవు, పైపులు తుప్పు పట్టవు. అందుకే దాన్ని వదిలేయలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు సేలంలో ఉండే ఎడ్వర్డ్ మోర్స్ 1881లో గాజు వెనక నల్లటి తలం పెట్టి, ఎండ పడే గోడకు బిగించి, వేడెక్కిన గాలి తనంతట తనే పైకి లేచి గదిలోకి వచ్చేలా చేసి పేటెంట్ తీసుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా పెట్టె రూపం పెద్దగా మారలేదు.

రేకులో చేరిన వేడికి రెండు దారులు ఉంటాయి. ఒకటి గాలిలోకి, మనకు కావాల్సింది. రెండోది గాజు గుండా బయటికి. ఏ దారి ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టే వేడి ఎటు ఎంత పోతుందో తేలుతుంది. మొదటి దారి వెడల్పు ఉష్ణ బదిలీ గుణకం, రెండోది మొత్తం నష్టాల గుణకం, రెండింటినీ చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు అని కొలుస్తారు. ఒక గాజు, మామూలు నల్ల పెయింట్ ఉన్న హీటర్‌లో నష్టాల గుణకం దాదాపు 6 నుంచి 8 వరకు ఉంటుంది. ఇప్పుడు మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యే రేకు పనితనం. రేకు తన పక్కనున్న గాలి అంత చల్లగా ఉండగలిగితే ఎంత వేడి దక్కేదో, అందులో నిజంగా దక్కుతున్న వంతు అన్నమాట.

ఇప్పుడు 2 చదరపు మీటర్లదే, కానీ మామూలు నున్నటి సందున్న ఇంకో పెట్టె తీసుకుందాం. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, రేకు కింద గాలి పోయే సందు 40 మిల్లీమీటర్లు, గాలి సెకనుకు 40 గ్రాములు. నున్నటి సందులో లెక్కవేస్తే ఉష్ణ బదిలీ గుణకం సుమారు 4.5 దగ్గర తేలుతుంది. నష్టాల గుణకం 7 అనుకుంటే వంతు 39 శాతం. అంటే గాలి దారి కంటే గాజు దారే వెడల్పుగా ఉంది! ఇలాంటి పెట్టె మీద రెండో గాజు వేయాలా, ఖరీదైన పూత పూయాలా అని తల బద్దలుకొట్టుకునే ముందు ఆ 4.5 సంగతి చూడాలి.

దాన్ని పెంచడానికి అన్నిటికంటే చవక మార్గం, ఎందుకో పెద్దగా ఎవరూ మాట్లాడుకోని మార్గం, సందు తగ్గించడం. అంతే గాలిని సగం సందులోంచి పంపితే వేగం రెట్టింపు అవుతుంది, గాలి రేకుకు దగ్గరగా పోవాల్సి వస్తుంది, గుణకం దాదాపు రెట్టింపవుతుంది. 40 నుంచి 20కి తెస్తే 9, 10కి తెస్తే 18. వంతులు 56 శాతం, 72 శాతం. కొత్త రేకు లేదు, గట్లు లేవు, రెక్కలు లేవు, పెట్టె లోతు మారింది అంతే.

దీనికి రుసుము ఫ్యాన్ దగ్గర కట్టాలి. సందు సగమైతే పీడన నష్టం ఎనిమిది రెట్లు అవుతుంది. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఎనిమిది రెట్లు దేనికి అన్నది చూడాలి. 40 మిల్లీమీటర్ల సందులో, 2 మీటర్ల పొడవులో ఆ నష్టం అర పాస్కల్ కూడా ఉండదు. 20 దగ్గర సుమారు 4, 10 దగ్గర 30. ఆ 30 పాస్కల్స్‌ను దాటించడానికి కాస్త నాసిరకం ఫ్యాన్ అయినా నాలుగైదు వాట్లు తింటుంది, పక్కన వందల వాట్ల వేడి అదనంగా వస్తోంది. లాభసాటి బేరమే. బేరం చెడేది ఎక్కడంటే, నాలుగు పెట్టెల్ని పక్కపక్కన కాకుండా ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి, నాలుగింటికి సరిపడా గాలిని ఒకే సందులోంచి తోసినప్పుడు. అప్పుడు వేగం నాలుగు రెట్లు, దూరం నాలుగు రెట్లు, పీడన నష్టం నలభై యాభై రెట్లు, ఫ్యాన్ మొరాయిస్తుంది. సందు తగ్గించాలనుకుంటే దారి కూడా పొట్టిగా ఉండాలి.

ఇంకో చిక్కు చేతిపనిది. పల్చటి రేకు ఎండకు వ్యాకోచించి వంగుతుంది. 40 మిల్లీమీటర్ల సందులో 5 మిల్లీమీటర్ల వంపు లెక్కలోకి రాదు, 10 మిల్లీమీటర్ల సందులో అది సగం దారి మూసేస్తుంది. గాలి తేలిగ్గా పోయే చోటే పోతుంది, మూసుకున్న చోట రేకు కాలిపోతూ ఉంటుంది. అందుకే చేత్తో తయారుచేసే పెట్టెకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు, మధ్యలో రేకును పట్టి ఉంచే రెండు మూడు పట్టీలు, ఇదే కాస్త నమ్మకమైన ఏర్పాటు.

మరో కిటుకు ఉంది, దీనికి ఖర్చు ఒక డబ్బా పెయింటే. రేకు పైవైపు నలుపు వేస్తారు, కిందివైపు మెరుస్తూ వదిలేస్తారు. సందు అడుగున ఉండే రేకు కూడా మెరుస్తూనే ఉంటుంది. ఎండ పడని చోట నలుపెందుకు అన్నది మామూలు ఆలోచన. కానీ 60 డిగ్రీల దగ్గరున్న తలం వికిరణం ద్వారా కూడా చాలా వేడి వదులుతుంది, నల్లటి తలాల మధ్య అది చదరపు మీటరుకు డిగ్రీకి 6 వాట్ల పైనే, అంటే మన సందులో గాలి పట్టుకెళ్లే 4.5 కంటే ఎక్కువ. రేకు కిందివైపూ, అడుగు రేకు లోపలివైపూ రెండూ నల్లగా ఉంటే పైరేకు తన వేడిని అడుగు రేకుకు వికిరణంతో పంపుతుంది, అడుగు రేకు దాన్ని గాలికి ఇస్తుంది. ఒక వైపే వేడెక్కే సందు రెండు వైపులా వేడెక్కే సందు అవుతుంది. 40 మిల్లీమీటర్ల పెట్టెలో ఈ ఒక్క మార్పుతో వంతు 39 నుంచి 50 శాతం దాకా వెళ్తుంది, 20 మిల్లీమీటర్ల దాంట్లో 56 నుంచి 64 దాకా. అడుగు రేకు వెనక ఇన్సులేషన్ బాగుండాలి, లేకపోతే ఆ వేడి వెనక నుంచి జారుకుంటుంది.

ఇక పరిశోధనా పత్రాల్లో ఎక్కువగా కనిపించే విషయం, రేకు కింద గట్లు. గాలి ఎంత వేగంగా పోతున్నా రేకును ఆనుకుని ఒక పల్చటి పొర దాదాపు కదలకుండా ఉంటుంది, వేడి ఆ పొరలోంచి వాహకత ద్వారానే దాటాలి, గాలి వాహకత సంగతి చూశాం. సన్నటి తీగల్ని గాలి వాటానికి అడ్డంగా రేకు కింద అతికిస్తే ఆ పొర తెగుతుంది. తీగను దాటిన గాలి సుడి తిరిగి, తీగ ఎత్తుకు ఆరు నుంచి ఎనిమిది రెట్ల దూరంలో మళ్లీ రేకును తాకుతుంది, తాకిన చోట పొర చాలా పల్చగా ఉంటుంది కాబట్టి వేడి అక్కడ బాగా దిగుతుంది. తీగలు మరీ దగ్గరగా ఉంటే గాలి కిందికి దిగే చోటే ఉండదు, సుడులు సందుల్లో చిక్కుకుని అక్కడే తిరుగుతాయి. మరీ దూరమైతే పొర మళ్లీ మందంగా పెరుగుతుంది. అందుకే తీగ ఎత్తుకు పది రెట్ల ఎడం అనే సంఖ్య పదే పదే కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల సందుకు ఒక మిల్లీమీటరు తీగ, సెంటీమీటరుకు ఒకటి. తీగ ఆ పొరను తెంచేంత ఎత్తుంటే చాలు, అంతకు మించితే మధ్యలో పోయే గాలిని కూడా అడ్డుకుని ఫ్యాన్ మీద భారం వేస్తుంది తప్ప కలిసొచ్చేది తక్కువ. తీగను గాలికి సూటిగా అడ్డం పెట్టే బదులు 60 డిగ్రీల వాలులో పెడితే, ఇంకా బాణం మొన ఆకారంలో విరిస్తే, గాలి తీగ వెంట పక్కలకు కూడా జారి వేడి గాలీ చల్ల గాలీ బాగా కలుస్తాయి.

1983లో ప్రసాద్, ముల్లిక్ అనే పరిశోధకులు రేకు కింద ఇలా తీగలు పెట్టి చూస్తే రేకు పనితనం 0.63 నుంచి 0.72కి పెరిగింది, అంటే 14 శాతం మెరుగుదల. ఆ తర్వాత వచ్చిన పత్రాల్లో అంకెలు బాగా పెద్దవయ్యాయి, ఉష్ణ బదిలీ రెండు రెట్లు, మూడు రెట్లు పెరిగిందని ఉంటుంది. అబద్ధం కాదు, కానీ ఆ మూడు రెట్లు దేనికి అన్నది చదివేవాళ్లు గమనించాలి. ఈ ప్రయోగాల్లో చాలావాటిని గది లోపల, రేకును కరెంటు హీటర్లతో వేడి చేస్తూ చేస్తారు, అక్కడ కొలిచేది గుణకాన్ని, మొత్తం హీటర్ సామర్థ్యాన్ని కాదు. గుణకం 15 నుంచి 45కి పెరిగిందనుకుందాం, మూడు రెట్లు. నష్టాల గుణకం 6 అయితే వంతు 71 శాతం నుంచి 88 శాతానికి వెళ్తుంది, అంటే చేతికొచ్చే వేడి పెరిగేది నాలుగో వంతు కూడా కాదు. ఇంకా కష్టపడి 45ని 90 చేస్తే 88 కాస్తా 94 అవుతుంది. గాలి దారి ఎంత వెడల్పు చేసినా 100 దాటదు కదా. ఆ పాటికి ఫ్యాన్ ఖర్చు మాత్రం ఎక్కడికో పోయి ఉంటుంది, ఎందుకంటే గట్లు పెంచే ఘర్షణ సాధారణంగా అవి పెంచే ఉష్ణ బదిలీ కంటే ఎక్కువే. రెండింటినీ కలిపి తూచడానికి ఒక కొలమానం వాడతారు, ఉష్ణ బదిలీ ఎన్ని రెట్లు పెరిగిందో దాన్ని ఘర్షణ ఎన్ని రెట్లు పెరిగిందో దాని ఘనమూలంతో భాగిస్తారు. ఒకటి కంటే ఎక్కువ వస్తే ఆ ఫ్యాన్ శక్తికి గట్లు ఉండటమే మేలు. కొలమానం మంచిదే, కానీ అందులో కూడా గాజు దారి నష్టం లెక్కలోకి రాదు.

గట్ల గురించి ఇంకో మాట. గాలి మరీ నెమ్మదిగా పోతుంటే ఇవి పెద్దగా అక్కరకు రావు. మన పెట్టెలో సెకనుకు 40 గ్రాములకు రెనాల్డ్స్ సంఖ్య (గాలి సాఫీగా పోతుందో కల్లోలంగా పోతుందో చెప్పే సంఖ్య) 4000 చిల్లర, గాలి అప్పటికే కొంత కల్లోలంగా ఉంది, గట్లు దాన్ని రెచ్చగొడతాయి. 10 గ్రాములైతే ఆ సంఖ్య వెయ్యి దగ్గరే, గాలి పొరలు పొరలుగా సాఫీగా జారిపోతుంది, ఒక మిల్లీమీటరు తీగను చూసి దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సందు తగ్గించినా ఈ సంఖ్య మారదు, వెడల్పు మీద మీటరుకు ఎంత గాలి పోతోందన్న దాని మీదే ఇది ఆధారపడుతుంది.

రెక్కల దారి వేరు. అవి పొరను తెంచడం మీద కాకుండా గాలి తాకే వైశాల్యం పెంచడం మీద ఆధారపడతాయి, గాలి వాటం వెంబడి నిలువుగా ఉంటాయి కాబట్టి నెమ్మదైన గాలికి కూడా పనికొస్తాయి. రేకుకు గట్టిగా అతుక్కోవడమే ముఖ్యం, మధ్యలో వెంట్రుకంత ఖాళీ ఉన్నా ఆ ఖాళీలో మళ్లీ గాలే ఉంటుంది. మడతలు పెట్టిన రేకు అయితే ఈ అతుకుల బాధ లేదు, వైశాల్యం దానంతట అదే పెరుగుతుంది, మడతల లోపల పడ్డ ఎండ అటూ ఇటూ తగిలి ఇంకాస్త ఎక్కువగా ఇంకుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ రేకు ఒకటుంది, దాని పక్కన గాలి పోతోంది అనే ఊహ మీదే ఉన్నాయి. అసలు ఆ ఊహనే వదిలేస్తే? అమెరికన్ ఇంజనీరు జార్జ్ లోఫ్ 1940ల్లో కొలరాడో రాష్ట్రపు బౌల్డర్‌లోని తన ఇంటి మీద, కొంతభాగం నల్లరంగు వేసిన గాజు పలకల్ని ఒకదానిమీద ఒకటి మెట్లలా పేర్చి, వాటి మధ్య నుంచి గాలిని పంపాడు. తర్వాత వచ్చిన నల్ల జాలీల ఆలోచన కూడా ఇదే కోవలోది. నాలుగైదు వరసల జాలీ పెట్టి గాలిని పైనుంచి కిందికి వాటి గుండా లాగితే, ఎండ జాలీల లోతుల్లోకి దిగి ఇంకుతుంది, గాలి ప్రతి తీగనూ తాకుతూ పోతుంది, అన్నిటికంటే వేడిగా ఉండే వరసలు గాజుకు దూరంగా అడుగున ఉంటాయి. గాజుకు కనిపించే పై వరస చల్లగా ఉంటుంది కాబట్టి నష్టం కూడా తగ్గుతుంది. ఒక్క దెబ్బకు రెండు దారులూ మన వైపు తిరుగుతాయి. దుమ్ము పట్టడమే దీని బలహీనత, ముందు ఫిల్టర్ పెట్టి తీరాలి.

ఇంకా తమాషా అయినది చిల్లుల రేకు. గాజే ఉండదు. గోడ ముందు నల్లటి రేకు, దాని నిండా సన్నటి చిల్లులు, వెనక నుంచి ఫ్యాన్ బయటి గాలిని ఆ చిల్లుల్లోంచి లాగుతుంది. గాజు లేకపోతే గాలికి వేడంతా కొట్టుకుపోతుంది కదా అనిపిస్తుంది. కానీ రేకు ముందు వేడెక్కిన పొరను ఎప్పటికప్పుడు చిల్లులే పీల్చేస్తుంటే బయటికి కొట్టుకుపోవడానికి అక్కడ మిగిలేదేమీ ఉండదు. గాజు మింగే పది శాతం వెలుగు కూడా మిగులుతుంది. 1990ల నుంచి చలి దేశాల్లో పెద్ద పెద్ద భవనాలకూ గోదాములకూ తాజా గాలి ఇలాగే వేడి చేస్తున్నారు. గాలిని కొన్ని డిగ్రీల నుంచి ఇరవై ముప్పై డిగ్రీల వరకు పెంచాల్సిన చోట దీన్ని కొట్టేది లేదు, అంతకు మించి వేడి కావాలంటే ఇది పనికిరాదు.

గాలిని రెండుసార్లు తిప్పడం, అంటే ముందు గాజుల మధ్యనుంచో గాజుకూ రేకుకూ మధ్యనుంచో పంపి, తర్వాత రేకు కిందనుంచి వెనక్కి తేవడం 1970ల నుంచీ ఉన్నదే. గాజు దారిలో పోబోతున్న వేడిని లోపలికొచ్చే చల్ల గాలి తిరిగి తీసుకొస్తుంది, మామూలుగా మంచి లాభమే ఇస్తుంది.

రెండో గాజు విషయంలో మాత్రం తొందరపడకూడదు. ప్రతి గాజూ దాదాపు పదో వంతు వెలుగు తినేస్తుంది. బయటి గాలినే తీసుకుని కొద్దిగా వేడి చేసి వదిలే ఆరబెట్టే యంత్రానికి రెండో గాజు నష్టం చేసే అవకాశమే ఎక్కువ. గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతూ, బయట గడ్డకట్టే చలి ఉంటే లెక్క తిరగబడుతుంది. వికిరణం తక్కువగా వదిలే ప్రత్యేక పూతలదీ అదే కథ, పైగా వాటిని కిందివైపు కూడా పూస్తే ఇందాక చెప్పిన అడుగు రేకు కిటుకు పోతుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సినవి మాత్రం కారడం, గాలి సమంగా పరుచుకోకపోవడం. ఫ్యాన్ లోపలికి ఊదుతుంటే చీలికల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది, గాలి బయటికొచ్చే చోట ఉండి లాగుతుంటే చల్ల గాలి లోపలికి దూరుతుంది, రెండోదాన్ని కనిపెట్టడం కష్టం ఎందుకంటే బయట చెయ్యి పెట్టినా ఏమీ తగలదు. ఒక మూల గుండ్రటి పైపుతో గాలి ఎక్కించి ఎదురు మూల నుంచి తీస్తే మధ్యలో ఒక బాట వేసుకుని పోతుంది, మిగతా రెండు మూలల్లో రేకు ఊరికే కాగుతూ ఉంటుంది. వెడల్పంతా ఒకే చీలిక ద్వారా గాలి ఎక్కేలా చేస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది, సన్నటి సందు ఇక్కడ కూడా సాయం చేస్తుంది, దాని పీడన నష్టమే గాలిని అన్ని వైపులా సర్దుతుంది.

ఏది ముందు చేయాలో తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. రేకు వెనక మూడు నాలుగు చోట్ల థర్మామీటర్లు అతికించి, మంచి ఎండలో అరగంట నడిచాక, రేకు సగటు వేడికీ సందులో గాలి సగటు వేడికీ తేడా చూడాలి. గాలి మోసుకొస్తున్న వాట్లను చదరపు మీటర్ల మీద పంచి ఆ తేడాతో భాగిస్తే గుణకం చేతికొచ్చేస్తుంది, అడుగు రేకు ఇచ్చే సాయం కూడా అందులోనే కలిసి ఉంటుంది. చదరపు మీటరుకు 500 వాట్లు వస్తూ తేడా 50 డిగ్రీలు ఉంటే గుణకం 10, గాలి వైపు చేయాల్సిన పని చాలా మిగిలి ఉంది, సందు, నలుపు, గట్లు ఏదైనా ఫలితమిస్తుంది. తేడా 15 డిగ్రీలకు దిగితే గుణకం 33, ఇంక గట్ల జోలికి పోకుండా గాజు వైపు, చీలికల వైపు తిరగాలి.